ఊటీ రీలు

2002 జనవరి 20, ఆదివారం

పొద్దున బుల్లయ్య టీ హోటల్లో మళ్ళీ ఊటీ ఆల్బం తీశాం. నాలుగేళ్ళ కిందటి టూరు. మైసూరు ప్యాలెస్ ముందు బుల్లయ్య ఉన్నాడు, నేనున్నాను, నా నెత్తి మీద బుల్లయ్య టవలుంది. పరుపులు కుట్టే మా ఖాదర్ వలి ఒక్కదాంట్లోనూ లేడు. మైసూరులో వాడు వాంతులు చేసుకుని బస్సులోనే పడుకున్నాడు. వాడి ఫోటోలన్నీ ఊటీలో తీశాను. ఆ సంగతి హోటలుకి ఎవరొచ్చినా వాడే చెప్తాడు. పడవలో ఒకటి, గుర్రం మీద ఒకటి, పూలతోటలో చేతులు కట్టుకుని ఒకటి. ఫోటో చేతిలో పట్టుకుని చూస్తున్నట్టే చెప్తాడు.

నా రీలు ఎప్పుడు కడిగిస్తావురా ఏసోబూ అని ఇవాళా అడిగాడు. మద్రాసు పంపించాం, ఊటీ చలికి రీలు గడ్డకట్టింది, ఎండబెడుతున్నారు అన్నాను. బుల్లయ్య గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు. ఖాదరూ నవ్వాడు. పరుపులు కుట్టే సూది తీసి నా తొడ మీదకి వచ్చాడు.

అసలు సంగతి నాకూ బుల్లయ్యకే తెలుసు. రీలు మైసూరులోనే అయిపోయింది. ఊటీలో ఖాళీ కెమెరా నొక్కాను. సాయంత్రం చెప్పి ఏడిపిద్దామనుకున్నాను. వాడు మరీ సంబరపడుతుంటే, రేపు చెప్దాంలే అనుకున్నాను.

ఫిబ్రవరి 13

ఖాదర్ పోయాడు. ఒంగోలు బస్సులో. హార్ట్ ఎటాక్.

ఫిబ్రవరి 14

మట్టి ఇచ్చి వచ్చాం. అక్కడ అందరూ నావైపే చూశారు, ఏదో ఒకటి అంటానని.

మార్చి 24, ఆదివారం

నలభయ్యో రోజు. ఖాదర్ భార్య జానీబీ ఇద్దత్‌లో ఉంది. నాలుగు నెలల పది రోజులు పరాయి మగాళ్ళ ఎదుటికి రాకూడదు. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుంటే కర్టెన్ వెనక నుంచి పలకరించింది.

పెళ్ళి ఫోటో చెమ్మకి పాడయిందట. ఓటరు కార్డులో మొహం నల్లటి మచ్చట. ఇంట్లో ఆయన మొహం లేదన్నా, ఆ ఊటీ రీలు ఇప్పటికైనా కడిగించు అంది. ఫోటోలు రానీ, నీకూ ఊటీ చూపిస్తా అని రోజూ చెప్పేవాడట.

సరే చెల్లెమ్మా అన్నాను. ఎలా అన్నానో.

మార్చి 27

బుల్లయ్య ఐడియా చెప్పాడు. ఓటరు కార్డులో తల కోసి, గుర్రమెక్కిన ఎవడి ఒంటికో అతికిస్తే చాలట. స్టూడియోవాళ్ళు చేస్తారట. ఇంకా ఎన్నాళ్ళురా వాణ్ణి ఏడిపించేది అన్నాను. ఊళ్ళో అందర్నీ ఏడిపించేవాణ్ణి, నేనే అన్నాను ఆ మాట.

మార్చి 30

జానీబీ వాళ్ళింటిదాకా వెళ్ళాను. చెప్పకుండా వచ్చేశాను.

ఏప్రిల్ 2

చెప్పాను.

కర్టెన్‌ కేసి చూస్తూ మొత్తం చెప్పాను. కెమెరా ఖాళీ అని, మద్రాసు అబద్ధమని, గడ్డకట్టడం అబద్ధమని. లోపల కుక్కర్ కూత వేసింది. ఎవరూ కట్టెయ్యలేదు. మళ్ళీ వేసింది.

"ఆ రోజు వేసుకున్న నీలం చొక్కా మళ్ళీ ఒంటి మీద వెయ్యలేదన్నా. ఫోటో వచ్చాక పక్కన పెట్టి చూపిస్తానని పెట్టెలో దాచాడు."

కాసేపటికి, ఇక వెళ్ళన్నా అంది.

ఏప్రిల్ 3

హోటలుకి వెళ్ళలేదు.

ఏప్రిల్ 9

ఖాదర్ కూతురు సఫూరా వచ్చి, అమ్మ రమ్మంటోంది అంది. తిట్టడానికేమో అనుకున్నాను. తిట్టినా బాగుండును అనుకుంటూ వెళ్ళాను. అరుగు మీద చాప వేసి ఉంది.

"రీలు లేదు, సరే. ఆయన్ని కెమెరాలోంచి చూసింది నువ్వొక్కడివేగా. ఒక్కో ఫోటో చెప్పన్నా. జోకులెయ్యకుండా చెప్పు."

పడవ ఫోటో చెప్పాను. చేతులు ఎక్కడ పెట్టుకున్నాడు అంది. నవ్వుతున్నాడా అంది. చొక్కా చేతులు మడిచాడన్నాను. కాదు, ఆయన మడవడు, సరిగ్గా గుర్తు చేసుకో అంది. కళ్ళు మూసుకుని చూశాను. నిజమే, మడవలేదు.

ఒక్క ఫోటోకే గంట పట్టింది. రేపు గుర్రం ఫోటో అంది.

ఏప్రిల్ 10

గుర్రం ఫోటో.

తెల్ల గుర్రం. వెనక కొండ, కొంచెం మంచు. జేబులోంచి దువ్వెన తీసి ముందు గుర్రం జూలు దువ్వాడు, తర్వాత తన తల. కదిలితే పాడవుతుందని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. నొక్కాను.

"ఒరేయ్ ఏసోబూ, ఫోటోలో పడ్డానా?"

పడ్డావురా.