నెత్తళ్ళ కింద సోలార్ పలకలు

ఓడలరేవు దగ్గర నుంచి,
మంగళవారం.

నాన్నగారికి వందనాలు. దేవుని దయవల్ల కొత్త బడి ఉద్యోగంలో కుదురుకున్నాను, దిగులు పడకండి. ఫోన్లో మీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను.

ఇక్కడ చేపలు నిలవ చేసే చల్లగదికి కరెంటు కోసం ఊరంతా కలిసి ఇసుకదిబ్బ మీద సోలార్ పలకలు వేయించుకున్నారు. మగవాళ్ళందరూ తీర్మానం మీద సంతకాలు పెట్టారు. ఆ దిబ్బ మీద ఏళ్ళ తరబడి నెత్తళ్ళు ఎండబెట్టుకుంటున్న ఆడవాళ్ళని మాత్రం ఎవరూ అడగలేదు. మొన్న పొద్దున్న వాళ్ళు ఎప్పటిలాగే గంపలతో వచ్చి, పలకల మీదే చేపలు పరిచేశారు. గదికి కరెంటు రాలేదు. కమిటీ పెద్ద గంగరాజు గారు కేకలేస్తే, అచ్చాయమ్మ గారు నెమ్మదిగా, "మాకెవరు చెప్పేరండీ? మా దిబ్బ మీద బల్లలేసేరు, చేపలకే అనుకున్నాం, ఆయ్" అన్నారు. సాయంత్రం కమిటీ అంతా వచ్చి వాళ్ళ ముందు ఇసుకలో కూర్చుంది. పలకలు మా బడి డాబా మీదికి మారుస్తున్నారు.

నా గొడుగు తమ్ముడి చేత పంపండి. కొబ్బరి దింపు అయిందా? మన చర్చి హాలు డాబా మీద కూడా పలకలు వేయాలని మీ సంఘపెద్దలు తీర్మానించారట, మంచిదే. కోతపండుగ అమ్మకానికి అమ్మావాళ్ళు వడియాలు పెట్టేది ఆ డాబా మీదే కదా. అమ్మని అడిగారా?

ఆవిడ కళ్ళజోడు ఇంకా బాగుచేయించి ఉండరు. నా వందనాలు చెప్పి, ఈ కార్డు మీరే పైకి చదివి వినిపించండి.

మీ కుమార్తె,
ప్రిస్కిల్లా