నది దాకా వచ్చినవాళ్ళు

ప్రియమైన తమ్ముడికి,

అక్క చెప్పి రాయిస్తున్నది. రాసేది మా మేడ కింద మందుల షాపాయన. మంచివాడే కాని పిరికివాడు. నేను పది మాటలు చెబితే ఆరు రాసి నాలుగు మింగుతాడని నా అనుమానం, అందుకే అంతా తిరిగి చదివించుకుంటున్నాను. ఇది టపాలో రాదు, లారీ డ్రైవరు చేత్తో తెస్తాడు.

పిల్ల ఇంకా జైల్లోనే ఉంది. ఊరేగింపు మీద కాల్పులు జరిగిన రోజు, పరిగెత్తుకొచ్చినవాళ్ళందర్నీ బస్సెక్కించుకుని, తలుపేసి, పోనిమ్మంది నీ మేనకోడలు. కేసేమని పెట్టారో తెలుసా? టికెట్లు కొట్టలేదని. కండక్టరై ఉండి సర్కారుకు నష్టం తెచ్చిందట. కోర్టులో నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు బయటికి గెంటారు.

ఇల్లు ఖాళీ చేసి, జైలుకు ఎదురుగా ఈ మూడో అంతస్తు గదిలో చేరాను. ఇక్కడందరూ తల్లులే. ఎవరి దుప్పటి వాళ్ళు వరండా కమ్మీ మీద ఆరేస్తాం. నాది ఎర్ర గళ్ళది, పిల్లకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఉతికినా ఉతక్కపోయినా రోజూ ఆరేస్తా. జైలు కిటికీలోంచి చూసి, అమ్మ ఉందిలే అనుకుంటుంది.

ఇక అసలు సంగతి. నువ్వుంటున్న దేశపు ప్రభుత్వం ఇక్కడికి సైన్యాన్ని పంపాలని అక్కడున్న మనవాళ్ళంతా అర్జీ పెడుతుంటే నువ్వొక్కడివే సంతకం పెట్టనన్నావట. ఎందుకురా? పక్కింట్లో తాగొచ్చినవాడు పెళ్ళాన్ని గొడ్డును బాదినట్టు బాదుతుంటే, అది వాళ్ళింటి గొడవని నేనెప్పుడైనా తలుపేసుకున్నానా? దుడ్డుకర్ర తీసుకుని పోలేదూ? మనల్నేలే మహానుభావుడు బతిమాలితే దిగడు, ఓట్లేస్తే దిగడు, చస్తే దిగుతాడనుకుంటే వాడికి జలుబైనా చెయ్యదు. బయటివాడు రావాల్సిందే. సంతకం పెట్టు.

నీ అక్క
(వేలిముద్ర వేశాను. సిరా అంటితే కడుక్కో.)

ప్రియమైన అక్కకి,

ఉత్తరం అందింది. మందుల షాపాయన ఏం మింగాడో గాని, తిట్లు మాత్రం ఒక్కటీ మింగలేదు.

నా టైలరు షాపు ఇక్కడి సైనికుల బ్యారక్స్ గేటు పక్కనే. వాళ్ళ యూనిఫారాలు బిగించడం, వదులు చెయ్యడం నా పని. మొన్న ఒక కుర్రాణ్ణి అడిగాను, మా దేశం ఎటుందో తెలుసా అని. తెలియదన్నాడు. “అక్కడ చలెక్కువా? లోపల స్వెటరు పట్టేలా కుట్టు” అన్నాడు. వాణ్ణి పంపమని సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు.

నువ్వు దుడ్డుకర్రతో పోయిన మాట నిజమే. కాని ఆ తర్వాత ఆవిణ్ణీ పిల్లల్నీ మనింట్లో పెట్టుకున్నావు. మొగుడొచ్చి గుమ్మంలో కూర్చుని ఏడ్చినా, ఆవిడకు పని దొరికేదాకా పంపలేదు. ఈ సైనికులు అంతకాలం ఉంటారా? వాళ్ళు వచ్చేది మన పిల్ల కోసం కాదక్కా. ఏదో వాళ్ళ లెక్క కుదిరి వస్తారు, ఆ లెక్క తప్పగానే పోతారు.

కోపం తెచ్చుకోకు.

నీ తమ్ముడు

తమ్ముడికి,

‘ప్రియమైన’ అని రాయబోతుంటే వద్దన్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నా. చాలా బాగుంది. తలుపుకు లోపల గడియ వేసుకుని పడుకునేవాడికి ఎంత చక్కగా సాగుతుందిరా ఆలోచన. వాళ్ళెందుకొస్తే నాకేం? చమురు కోసం రానీ, పేరు కోసం రానీ. తాళం పగలగొట్టేవాడి మనసు మంచిదో కాదో లోపలున్నది అడుగుతుందా?

నిన్న పక్క గది ఆవిడ దుప్పటి తీసేసింది. జైలువాళ్ళు పిలిచి కొడుకు బట్టలు మూట కట్టి ఇచ్చారు. జ్వరమొచ్చి పోయాడట. నీ ఉత్తరం ఆవిడకు చదివి వినిపించమంటావా?

అక్క

ప్రియమైన అక్కకి,

సంతకం పెట్టాను. నా అభిప్రాయం మారలేదు. ఆవిడకు ఏం చెప్పాలో తోచలేదు, అంతే.

సైన్యం బయల్దేరుతోంది. నువ్వు జైలుకు దూరంగా ఎటైనా వెళ్ళు.

నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

వచ్చారు. నేను గది వదల్లేదు. వరండా బోసిపోతే పిల్ల ఏమనుకుంటుంది?

ట్యాంకులు రోడ్డు చివర కనబడగానే తల్లులందరం మెట్లు దిగి పరిగెత్తాం. ఈ మోకాళ్ళతో నేనూ పరిగెత్తాను. వాళ్ళు జైలు తలుపు పేల్చేస్తే చప్పట్లు కొట్టాం.

లోపల ఎవరూ లేరు. అందర్నీ ముందే వెనక గేటు నుంచి లారీలెక్కించి నది అవతలికి తోలుకుపోయారని జైలు వంటవాడు చెప్పాడు. మేం ముందు గేటే చూస్తూ కూర్చున్నాం. మహానుభావుడూ అక్కడే చేరాడు.

సైన్యంలో పెద్ద అధికారి దగ్గరికి పోయాను. మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు. నది ఎప్పుడు దాటతారయ్యా అన్నాను. “మాకిచ్చిన ఆజ్ఞ నది దాకానేనమ్మా” అన్నాడు. “మరి అవతలున్నవాళ్ళ సంగతి చూడమని ఎవరికిచ్చారు ఆజ్ఞ?” అంటే, ఆ మాట దుబాసీ అటు చెప్పకుండా ఊరుకున్నాడు.

జైలు ఇప్పుడు వాళ్ళ ఆఫీసు. మర్నాడు జవాన్లు మా మేడెక్కి దుప్పట్లు తియ్యమన్నారు. అవతలివాళ్ళకు సైగలు చేస్తున్నామట. తీశాను. చూసేవాళ్ళు ఎలాగూ లేరు.

నువ్వు పోయి అడుగు. సంతకం పెట్టినవాడివి. నది దాటమను.

నీ అక్క

ప్రియమైన అక్కకి,

అర్జీ పెట్టినవాళ్ళమంతా కలిసి ఇక్కడి సర్కారు ఆఫీసుకు వెళ్ళి అడిగాం. లోపలికి పిలిచి టీ ఇచ్చారు. ఒప్పందం కుదిరిందట. ఇక నదే సరిహద్దు. కాల్పులు ఆగాయి కదా, అదే విజయమన్నారు. బయట గేటు దగ్గర ఇక్కడి సైనికుల తల్లులు నిలబడి ఉన్నారు, మా పిల్లల్ని వెనక్కి పిలిపించండని. వాళ్ళ ముందునుంచే తలొంచుకుని వచ్చాను.

స్వెటరు కుర్రాడి తండ్రి షాపుకొచ్చాడు. కొడుక్కి ఒక కాలు మోకాలి దాకా తీసేశారట, ప్యాంటు ఆ వైపు మడిచి కుట్టమన్నాడు. “మీవాళ్ళు ఇప్పుడు సుఖంగా ఉన్నారా?” అని అడిగాడు. ఉన్నారని చెప్పాను.

రావద్దన్నవాణ్ణి నేనే. ఇప్పుడు పోవద్దు, నది దాటండని వాళ్ళ కాళ్ళా వేళ్ళా పడుతున్నదీ నేనే. నువ్వు నా దగ్గరికి వచ్చెయ్. కాగితాలు సిద్ధం చేయిస్తున్నాను.

నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

వంతెన దగ్గర గుడారంలో కూర్చుని రాయిస్తున్నాను. రాస్తున్నది ఆనాడు నా మాట దాచేసిన దుబాసీయే. ఇవాళ మాత్రం ఒక్కటీ వదలకుండా రాస్తున్నాడు పాపం.

ఒప్పందం ప్రకారం ఎటు ఉండాలనుకునేవాళ్ళు అటు పోవచ్చని వంతెన కొన్నాళ్ళు తెరిచారు. రేపు మూసేస్తారు. అవతల్నుంచి ఇటొచ్చేవాళ్ళ వరస కనుచూపు మేర ఉంది. పిల్ల పోలికతో వచ్చిన ప్రతి దాని మొహమూ చూశాను. అందులో లేదు. జైల్లో ఉన్నవాళ్ళను వాడు ఎందుకు వదులుతాడు?

ఇటునుంచి అటు పోయేది మా మేడ తల్లులమే. తెలియక తప్పు వరసలో నిలబడ్డామనుకుని ఒక జవాను నా రెక్క పట్టుకుని వెనక్కి తిప్పాడు. మళ్ళీ ఇటే తిరిగాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

తిరిగి రామని వేలిముద్ర వేయించుకున్నారు. అక్కడ వాడి జెండాకు సలాం కొట్టాలి, వాడి ఫోటో గోడకు తగిలించాలి. తగిలిస్తాను. పిల్ల ఏ జైల్లో ఉందో తెలియదు, అసలుందో లేదో తెలియదు. అడగడానికైనా అటే ఉండాలి కదా.

నీ మాటే నెగ్గిందనుకోకు. నా మాటా అబద్ధం కాలేదు. వాళ్ళు రాకపోతే పక్క గది ఆవిడకు వచ్చినట్టే ఒక్కొక్కరికీ మూటొచ్చేది. వచ్చారు, ఇప్పుడు మూట కూడా రాదు. రెండిట్లో ఏది నయమో చెప్పమంటే నోరు పెగలడం లేదురా. నాకు, నాకు నోరు పెగలడం లేదు.

నీ దగ్గరికి రాలేదని బాధపడకు. అవతల్నుంచి ఉత్తరాలు రావట. ఎదురుచూడకు.

ఇక లేస్తాను. అటునుంచి వచ్చే వరస ఎక్కడిదక్కడే ఉంది. మాది చిన్నది, తొందరగా కదులుతోంది.

నీ అక్క