ఎర్ర లైటు మళ్లీ పెట్టాను

అక్కా, కారు తాళాలు ఫ్రిజ్ మీద ఉన్నాయి. బండి తీసే ముందు తాళం సగం తిప్పి ఆగు. మీటర్లో ఎర్ర ఆయిల్ లైటు వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ అవగానే ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, దారిలో మళ్లీ వెలిగినా అక్కడికక్కడే ఇంజిన్ ఆపేసి నాకు ఫోన్ చెయ్యి. నా షెడ్డు దాకా నడుపుకుంటూ రావద్దు.

పోయినవారం ఆరకుండా వెలిగే ఆ లైటు ఆరిపోయిందని తెగ మెచ్చుకున్నావు కదా, నేను బాగు చెయ్యలేదక్కా. కొత్త సెన్సర్ వేసినా ఆరకపోయేసరికి చిర్రెత్తి, మీటర్లోంచి ఆ బల్బే పీకేశాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. నువ్వేమో అమ్మనీ పిల్లల్నీ ఎక్కించుకుని వారమంతా తిరిగావు.

పొద్దున్నే లేచి గేజీ పెట్టి చూశాను. ఆయిల్ ప్రెషర్ బాగానే ఉంది, ఇంజిన్‌కి ఏమీ కాలేదు. బల్బు మళ్లీ పెట్టి, సెన్సర్ ప్లగ్గు పీకినా లైటు వెలుగుతూనే ఉంటే అప్పుడు వెలిగింది నా బుర్ర. వైరు ఒరుసుకుపోయి లోపలి రాగి ఇంజిన్‌కి తగులుతోంది, అందుకే లైటు ఆరలేదు. కొత్త ముక్క వేసి, టేపు చుట్టాను. షెడ్డుకొచ్చే ఏ బండికైనా మొదట చేసే పని ఆ గేజీ పెట్టి చూడటమే. ఇంటి బండి కదా అని బద్ధకించాను.

నిన్న ఫోన్లో ఎవరితోనో "మా తమ్ముడు చూసిన బండి, నాకేం దిగులు" అంటున్నావు. కొన్నాళ్లు ఆ మాట అనకక్కా.