రెండూ ఎడమ చేతులే

చిట్టితల్లికి అమ్మ దీవెనలు.

ఇక్కడ నాన్న మోకాలు తప్ప అందరం క్షేమం. నువ్వూ అల్లుడుగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వడిగిన జాకెట్టు కొలతలు ఈ కాగితం వెనక రాశాను. మీ ఆడపడుచును తలుచుకుని, "మనుషులు మారతారా అమ్మా?" అని కూడా అడిగావు. పోయిన వారమైతే ఠక్కున "మారరు" అని రాసేదాన్ని. ఇప్పుడు చెయ్యి ఆడటం లేదు.

మా టైలరు కొట్లో ఇస్త్రీ చేసే కోతలరాయుడు తెలుసుగా. ఆ పేరు పెట్టింది నేనే. బట్ట కోసేది నేను, కోతలు కోసేది అతను. ఆలస్యంగా వచ్చినప్పుడల్లా ఒక మేనమామను చంపేవాడు. ఇప్పటికి ఏడుగురు పోయారు.

సోమవారం ఒక పెళ్లికొడుకు కోటుకి చేతులు అతికించబోయి కుట్టేవాడు ఆగిపోయాడు. రెండూ ఎడమ చేతులే! ఆ బట్ట మళ్లీ దొరకదు. యజమాని, "ఎవరు కోశారిది?" అని అరిచాడు. నేను నోరు తెరిచేలోపే కోతలరాయుడు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు.

"నేనేనండీ. అమ్మగారు భోజనానికి వెళ్తే సరదాపడి కత్తెర పట్టాను."

"రేపట్నుంచి రాకు" అన్నాడు యజమాని. కోతలరాయుడి మాట కొట్లో అందరూ నమ్మడం అదే మొదటిసారి. నేను తలొంచుకుని బల్ల మీది ముక్కలు సర్దాను. తర్వాత అతన్ని గుమ్మం దగ్గర పట్టుకుని, "ఎందుకయ్యా అలా చెప్పావు?" అన్నాను.

"నా మాటకెలాగూ విలువ లేదు కదమ్మా, పోయేదేముంది?" అని నవ్వి వెళ్లిపోయాడు.

తల్లీ, ఆ చేతులు కోసింది నేనే. బట్ట మడత వెయ్యకుండా, రెండు పొరలూ ఒకే వైపుకి పరిచి కోసేశాను. ముప్పై ఏళ్లలో చెయ్యని తప్పు. అబద్ధం నా ఒంటికి పడదనుకునేదాన్ని. ఈ నాలుగు రోజులూ వేళకి తిన్నాను, హాయిగా నిద్రపోయాను. నాకు దడ పుట్టిస్తున్నది అదే.

కత్తెర మొన విరగ్గొట్టి, పిల్లి పడేసిందన్నందుకు నిన్ను గుమ్మం బయట నిలబెట్టాను, గుర్తుందా? నీకప్పుడు ఆరేళ్లు. నాకిప్పుడు యాభై ఎనిమిది. నన్ను నిలబెట్టేవాళ్లు లేరు.

ముందు ఈ ఉత్తరం పోస్టులో వేసి, అట్నుంచి అటే యజమాని ఇంటికి వెళ్తాను. నీకు తెలిసిపోయాక ఇక వెనక్కి రాలేను కదా. ఉత్తరం వెయ్యకుండా బయల్దేరితే సగం దారిలో తిరిగొచ్చేస్తానని నా గురించి నాకిప్పుడు తెలుసు.

ఇట్లు,
గుమ్మం బయట నిలబడ్డ
మీ అమ్మ