నిండు సీసాలు

1996 మార్చి 4
సారు మళ్లీ గాల్లో తేలుతున్నారు. అంటార్కిటికా నుంచి ఓడలో వచ్చిన సముద్రపు నీటి సీసాల్లో ఉప్పు తక్కువ తేలింది. అంటే సముద్రంలో మంచినీరు కలిసింది. నేల మీది పాత మంచు కరిగి ఉంటే నీటిలో బరువైన రకం ఆక్సిజన్ బాగా తక్కువుండాలి. అంత తక్కువ లేదు. కాబట్టి సముద్రం మీద గడ్డకట్టిన మంచేనట. "మన పేపరు సంచలనమమ్మా!" — ఈయన జన్మలో చూసిన మంచల్లా నారాయణగూడ జ్యూస్ బండి మీదది.

మార్చి 6
పేపరు రాసేది నేను. మొదటి పేరు ఆయనది.

మార్చి 7
గ్రాఫులో గీత పొడిగించా, ఉప్పు సున్నా అయ్యేదాకా. కలిసిన మంచినీటిలో బరువైన ఆక్సిజన్ ఎంతో అక్కడ తెలుస్తుంది. తగిలిన అంకె ఆ మంచుదీ కాదు, ఈ మంచుదీ కాదు. సారుకి చూపిస్తే — "రెండూ కలిశాయని రాసెయ్." రాసెయ్యాలట! ఈ బుర్రతో ప్రొఫెసర్ ఎలా అయ్యాడో.

మార్చి 11
అశోక్‌నగర్ గదిలో నల్లా వచ్చింది, రెండ్రోజుల తర్వాత. బిందె పెడుతుంటే తట్టింది. గ్రాఫులో తగిలిన ఆ అంకె నాకు తెలుసు. రోజూ పొద్దున ఆక్సిజన్ కొలిచే యంత్రం సరిచూసుకోడానికి పెట్టే ల్యాబ్ నల్లా నీటిది.
అంటార్కిటికా సీసాల్లో హైదరాబాద్ నీళ్లు. ఛీ.

మార్చి 12
స్టోరు చూసే యాదయ్య చిక్కడపల్లి హోటల్లో తీరిగ్గా చాయ్ తాగుతూ దొరికాడు. ఇలాంటివాళ్లతో సైన్సు చెయ్యాలి! సీసాల్లో నల్లా నీళ్లు పోశావా? కాదనలేదు. "అవు మేడం. కొన్నిట్ల రెండు వేళ్లంత తక్కువుండె."
ఎవరు పొయ్యమన్నారు?
వింతగా చూశాడు. "మీరే కద. స్టాక్ చెకింగ్ ముంగట... సీసాలన్ని నిండుగ కనపడాలె అన్నరు. ఏం నీళ్లు పొయ్యాలె అని అడిగితి గూడ. గింత దానికి నా ప్రాణం తియ్యకు అన్నరు."
అన్నాను. అదే ఓడలో వచ్చిన సముద్రపు నీళ్లు పెద్ద డబ్బాలో మిగిలి ఉండేవి. ఒక్క మాట చెబితే సరిపోయేది. తలెత్తి కూడా చూడలేదు అప్పుడు.

మార్చి 13
సిగ్గుగా ఉంది.
పేపరు రేపు పోస్టులో వెళుతుంది. నిజం చెబితే సారు ముందు తీసేసేది యాదయ్యనే — పాలమూరు నుంచి వచ్చాడు, ఇంకా రోజుకూలీయే. నేను పొయ్యమన్నానని చెబితే నన్ను. చెప్పకపోతే... నల్లా నీళ్లు అచ్చులోకి.

మార్చి 14
సారు గది బయట కూర్చుని రాస్తున్నా. గ్రాఫు ఒళ్లో ఉంది, నల్లా నీటి అంకె దగ్గర గుర్తు పెట్టి. "జర ఆగండి మేడం, సార్ ఫోన్ల ఉన్నరు" — యాదయ్య. గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చాడు, అంచుదాకా నింపి.
లోపల మాటలు ఆగాయి. పిలుస్తున్నారు...