నడికట్టు ముడి

అక్కా,

మిర్యాలగూడలో నువ్వు వడ్లు ఆరబోసిన మిల్లులోనే ఇప్పుడు నేనూ పనిచేస్తున్నాను. ఇవాళ లేబర్ ఆఫీసరు వచ్చి ఆడవాళ్లందరినీ పిలిచాడు. కడుపుతో ఉందని ఎవరినీ పనిలోంచి తీసెయ్యకూడదట, అది చట్టమట.



"గీ చట్టం ఎప్పుడొచ్చింది సారూ?" అని అడిగాను.

"చాలా ఏళ్లయింది. మీకెవరూ చెప్పలేదా?"

నా పక్కనున్న ఎల్లమ్మ అందరి ముందే నడికట్టు వదులు చేసుకుంది. అప్పుడు కనబడింది కడుపు. రోజూ పక్కనే ఉన్నా నాకు తెలియలేదు.

పని పోతుందని నువ్వూ అలాగే బిగించి కట్టుకునేదానివి. చివరికి దవాఖానలో నర్సమ్మ దాన్ని కత్తిరించి తీసింది. నువ్వూ బిడ్డా పోయాక ఆ గుడ్డ నా చేతికిచ్చారు.

నువ్వు వేసిన ముడి ఇంకా అలాగే ఉంది.