దప్పిక మీదున్న జెర్రులు

ప్రియమైన అక్కకి,

ఇక్కడ అమ్మా, నేనూ, నా జెర్రులూ కులాసా. నువ్వూ అక్కడ కులాసాగా ఉన్నావని తలుస్తాను. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని నవ్వకు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

రోజంతా ఆ పాడు జెర్రులతో ఏం చేస్తావే అని అడిగావు. వాటి ఒంట్లో నీళ్లు ఎంత పోయాయో తూస్తాను. బొద్దింక ఒంటికి మైనం పూత ఉంటుంది, లోపలి నీళ్లు అంత తేలిగ్గా బయటికి పోవు. జెర్రికి ఆ భాగ్యం లేదు. ఊపిరి తీసే కంతల్ని గట్టిగా మూసుకోనూ లేదు. పొడిగాలి తగిలితే ఒంట్లో తడి ఆవిరైపోతుంది. అందుకే పగలంతా తడిరాళ్ల కింద నక్కి ఉంటుంది. దాక్కోవడం పిరికితనమేమో అని రాశావు చూడు, జెర్రిని అడిగితే బతకడమంటుంది. మేం వాటిని పొడిపెట్టెల్లో ఉంచి, బరువు ఎంత తగ్గిందో చూసి, అప్పుడు తడిదూది పెడతాం. కరువు తీరా తాగుతాయి.

బావ మారాడట కదా, తిరిగి వచ్చేయనా అని కూడా అడిగావు. మారాడో లేదో చూసే అదృష్టం నాకే దక్కింది.

మొన్న దూది తడుపుతుంటే మా ల్యాబులోకే వచ్చాడు.

"మీ అక్కని ఎక్కడ దాచావే?"

"నాకు తెలీదు బావా."

"తెలీదా? గుర్తొచ్చేలా చేస్తా ఉండు."

నా కుడిచెయ్యి బల్లకేసి అదిమి, చూపుడువేలు వెనక్కి విరిచాడు. ఆ చప్పుడు నాకే వినపడింది. మధ్యవేలూ విరిచాడు. గావుకేక పెట్టాను గానీ నీ ఊరి పేరు చెప్పలేదు. ఆ ఉక్రోషంతో బల్లని తన్నాడు. పెట్టెలు పగిలాయి, నీళ్ల క్యాను ఆయన పాంటు మీద ఒలికింది. దప్పిక మీదున్న జెర్రులు తడి ఉన్నచోటికి, అంటే ఆయన కాళ్ల మీదికే పరుగెత్తాయి. కొన్నిటిని బూటుతో నలిపేశాడు. మిగతావి పాంటులోకి ఎక్కి తొడలు పట్టుకుని కరిచాయి.

అమ్మకి కూడా చెప్పని మాట ఒకటుంది. పట్టకారు నా ఎడమచేతికి అందేంత దూరంలోనే ఉంది. "తియ్యవే, తల్లీ, తియ్యి" అంటూ నేలమీద దొర్లాడు. వాచ్‌మన్ వచ్చేదాకా నిలబడి చూశాను. చూస్తుంటే బాగుంది కూడా అక్కా. నాకు భయమేస్తోంది అందుకే.

ప్రాణానికేం కాలేదులే, కాళ్లు వాచాయంతే. నా వేళ్లకి కట్టు కట్టింది కూడా ఆయన్ని చేర్చిన ఆసుపత్రిలోనే. మంచం మీద నుంచి నన్ను చూసి భోరుమన్నాడు.

"బుద్ధొచ్చిందే. మీ అక్కని రమ్మని రాయి."

రాస్తానన్నాను. ఆయన విరిచిన చేత్తో రాయలేను గనక ఎడమచేత్తో రాస్తున్నాను. రాకు.

ఇట్లు,
నీ మొండి చెల్లి